కుళ్లిన విత్తనపు వెల్లుల్లి

తొమ్మిదేళ్లుగా ఈ మాట నా గొంతుకి అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. మీరెవరో నాకు తెలీదు, నేనెవరో మీకు తెలీదు. అందుకే చెప్పగలుగుతున్నాను.

విజయనగరం దగ్గర పల్లె మాది. పెరట్లో రెండు మళ్లు వెల్లుల్లి వేసేవాళ్లం. ఆకు పండుబారాక నీళ్లు ఆపేయాలి, తవ్వాక వారం పైగా నీడలో ఆరబెట్టాలి, ఆ తర్వాతే కాడలు జడలల్లి పొయ్యి పైన వాసానికి కట్టాలి. అత్త నేర్పిందే ఇదంతా. ఆ ఏడు పెత్తనం నాకిచ్చింది. పాయ లావెక్కాలన్న కక్కుర్తితో చివరిదాకా నీళ్లు పెట్టాను. పుట్టింట్లో పెళ్లికి వెళ్లే తొందరలో మూడో రోజే పచ్చిగా జడలల్లి కట్టేశాను.

నెల తిరక్కుండా మొత్తం కుళ్లింది. మరుసటేటి విత్తనంతో సహా. ఇల్లంతా ఒకటే కంపు.

"ఏటే, ఎవులు ముట్టీసినారే? సెప్పు!" అంటూ అత్త నా మీదకొచ్చింది. నెలసరి మూడు రోజులూ విత్తనం ముట్టుకోకూడదని మా ఇంట్లో పట్టింపు.

"నానేటి సేసినాను అత్తా? పైడమ్మే బయటున్నప్పుడు జడ తెంపినట్టున్నాది" అన్నాను.

పైడమ్మ నా తోటికోడలు. కాపురానికొచ్చి ఏడాది కాలేదు, నన్ను అక్క వరసలో 'అప్పా' అని పిలిచేది. "నేదప్పా, నాను ముట్టనేదు" అంటూ నా వైపే చూసింది, నేనేదో అడ్డుపడతానని. తల తిప్పుకున్నాను. ఛీ, ఎంత సులువుగా వచ్చింది ఆ అబద్ధం! తిట్లంటే అంత భయమా నాకు? లేక ఆ పిల్లని అత్త మురిపెంగా చూస్తుంటే కడుపుమంటా? రెండూనేమో.

ఆ రోజు నుంచి ఆమెది చెడ్డ చెయ్యి అయిపోయింది. విత్తనం ముట్టనివ్వలేదు, ఆవకాయ కలపనివ్వలేదు. తర్వాత వరసగా రెండుసార్లు ఆమెకి కడుపు పోయింది. అప్పుడూ ఊళ్లో ఆ చేతి మాటే అన్నారు. అప్పుడైనా నోరు విప్పాల్సింది. విప్పలేదు.

ఇప్పుడు అత్త లేదు. పైడమ్మని అనేవాళ్లూ లేరు. మొన్న మా అమ్మాయికి కాన్పయితే పైడమ్మ చూడ్డానికి ఆసుపత్రికి వచ్చింది. బిడ్డని ఎత్తుకోమని అందించబోతే రెండు చేతులూ వెనక్కి పెట్టేసుకుంది.

"ఒద్దప్పా. నా సెయ్యి మంచిది కాదు గదా."

నిష్ఠూరమాడుతోందేమోనని ముఖంలోకి చూశాను. లేదు. పాపం, నిజంగానే నమ్మింది. గుమ్మం దగ్గరే నిలబడి ఫోన్లో ఒక ఫొటో తీసుకుని వెళ్లిపోయింది.

ఆమెతో చెప్పే ధైర్యం ఇవాళ్టికీ లేదు. మీతోనే అంటున్నాను. పైడమ్మ ముట్టలేదు. ఆరకుండా కట్టింది నేను. ఈ రెండు ముక్కలూ బయటపడ్డాక కాస్త ఊపిరాడుతోంది. ఆడుతున్నందుకు సిగ్గుగానూ ఉంది.