కాశయ్య చెప్పని మాట

చిన్నకోడూరు మండలంలో గ్యాస్ గొట్టం పోయే దారి పొడవునా కాశయ్యను ఎరగనివాళ్ళు లేరు. ఇంటిపేరు ఎవరికీ గుర్తులేదు. 'పైపు కాశయ్య' అంటేనే తెలుస్తుంది. పదకొండేళ్ళు ఆయన చేసిన పని ఒక్కటే, నడవడం. పొద్దు పొడవగానే నారింజ రంగు జాకెట్ తొడుక్కుని, మెడలో జీపీఎస్ డబ్బా వేసుకుని, చేతిలో కట్టె పట్టుకుని బయలుదేరేవాడు. ఎనిమిది కిలోమీటర్లు పోవాలి, మళ్ళీ ఎనిమిది రావాలి. గొట్టం భూమిలో ఉంటుంది. పైకి కనిపించేవి పసుపు రంగు దిమ్మెలు మాత్రమే. ఆ దిమ్మెల వెంట పోతూ ఎవరైనా జేసీబీ పెట్టారా, బోరు వేస్తున్నారా, వానకు మట్టి కుంగిందా, పచ్చగా ఉండాల్సిన గడ్డి ఒక్కచోటే ఎండిపోయిందా అని చూడాలి. తేడా కనిపిస్తే వెంటనే ఫోన్ చేయాలి.

ఆ పనంటే ఆయనకు గర్వం. ఒకసారి మక్క చేనులో అరచేతి మేర గడ్డి పసుపెక్కి ఉండటం చూసి ఫోన్ చేస్తే, ఇంజనీర్లు వచ్చి తవ్వి, సన్నటి లీకేజీ పట్టుకున్నారు. ఆ సంగతి ఆయన చెప్పుకోలేదు గానీ ఆయన భార్య లచ్చవ్వ ఊరంతా చెప్పుకుంది. "కండ్లు మూసుకోని నడిచినా ఏ దిమ్మె కాడ ఏమున్నదో చెప్తడు మా ఆయన" అనేది. కాశయ్య ఆ మాటను ఏనాడూ కాదనలేదు.

కిందటేడు ఎండాకాలంలో, పాత గొట్టం పక్కనే ఇంకో పెద్ద గొట్టం వేయాలని కంపెనీ అనుకుంది. అంతకుముందు పర్యావరణ పరిశీలన జరగాలి. దారిలో ఉన్న చెట్లు, బావులు, వాగులు, ఇళ్ళు అన్నీ చూసి నివేదిక రాయాలి. ఆ పని హైదరాబాదులోని ఒక కన్సల్టెన్సీకి అప్పగించారు. వాళ్ళ తరఫున రజిని అనే అమ్మాయి వచ్చింది. కాశయ్య పై అధికారి నవనీత్ ఆమెను ఆయనకు అప్పగించి, దారి చూపించమని చెప్పి కారులోనే తిరిగి వెళ్ళిపోయాడు.

రజినికి పాతికేళ్ళు దాటి ఉంటాయి. తలకు చున్నీ చుట్టుకుని, మే నెల ఎండలో ఎనిమిది కిలోమీటర్లూ నడిచింది. కాశయ్య ఆమెకు ప్రతిదీ చూపించాడు. ఫలానా దిమ్మె దగ్గర నెమళ్ళు గుడ్లు పెడతాయని, వాగు ఏ నెలలో ఏ ఒడ్డును కోస్తుందని, ఈత చెట్లు ఎవరివని. అన్నిటికంటే ఎక్కువగా బావులు చూపించాడు. అవి రాతి కట్టుబడి బావులు. గొట్టానికి అటూ ఇటూ యాభై అడుగుల్లోపు పద్నాలుగు ఉన్నాయని ఆయన లెక్క. కాలువ నీళ్ళు వచ్చాక చాలావాటిలో ఊటలు మళ్ళీ తేరుకున్నాయి.

రాజనర్సు బావి దగ్గర ఆగి మొదటి గొట్టం వేసిననాటి సంగతి కూడా చెప్పాడు. ఆ నేల కింద పరుపు బండ ఉంది. దాన్ని మందు పెట్టి పేల్చారు. మూడో రోజుకు రాజనర్సు బావిలో నీళ్ళు మోకాలి లోతుకు పడిపోయాయి. ఊట ఎటో మళ్ళిపోయింది. కట్టుబడి రాళ్ళు రెండు వరుసలు లోపలికి జారాయి. మళ్ళీ ఆ బావి బాగుపడటానికి ఏడేళ్ళు పట్టింది. "ఈసారి బావుల పక్కపొంటి మందు వెట్టొద్దని రాయి బిడ్డా" అన్నాడు. రజిని తలూపి నోటుబుక్కులో రాసుకుంది. ఫొటోలు తీసుకుంది. సాయంత్రం చెట్టు కింద కూర్చుని నీళ్ళు తాగాక, తాను వచ్చి చూసినట్టు ఒక కాగితం మీద సంతకం కావాలంది. కాశయ్య జాగ్రత్తగా, ఒక్కో అక్షరం విడివిడిగా రాసి ఇచ్చాడు.

చలికాలం మొదలయ్యేసరికి నివేదిక వచ్చింది. దాని మీద ఊళ్ళో బహిరంగ విచారణ పెడతారని దండోరా వేశారు. పంచాయతీ ఆఫీసులో నాలుగు పేజీల తెలుగు సారాంశం అంటించారు. కాశయ్య నిలబడి చదివాడు. అంతా బాగానే ఉందని, ఎవరికీ నష్టం లేదని ఉంది గానీ బావుల మాట ఎక్కడా లేదు. పెద్ద పుస్తకంలో ఉంటుందేమో అనుకున్నాడు. అది మూడు వందల పేజీల ఇంగ్లీషు పుస్తకం. కార్యదర్శి దాన్ని ఆయన ఫోనుకు పంపాడు.

మర్నాడు సెలవు పెట్టి సిద్దిపేట బస్సెక్కాడు. పాత బస్టాండ్ దగ్గర ఫరీహా అనే ఆవిడ జిరాక్స్, డీటీపీ షాపు నడుపుతుంది. తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు మూడూ చకచకా టైపు చేస్తుంది. రైతుల దరఖాస్తులు సగం ఆమె చేతిమీదుగానే వెళ్తాయి. చిన్నకోడూరు పేరున్న పేజీలన్నీ వెతికి, తెలుగులో చెప్పమని కాశయ్య అడిగాడు. షాపులో రద్దీ తగ్గాక ఆమె కంప్యూటర్ ముందు కూర్చుని ఒక్కో పేజీ చదవడం మొదలుపెట్టింది.

ఒక పేజీ దగ్గర ఆమె ఆగింది. వెనక్కి వెళ్ళి మళ్ళీ చదివింది. "కాకా, మీ ఊరి కాడ సముద్రం గాలి వస్తదా?" అని అడిగింది. కాశయ్యకు అర్థం కాలేదు. పనులు జరిగే రోజుల్లో తీరప్రాంతపు గాలుల వల్ల దుమ్ము త్వరగా చెదిరిపోతుందని, వలలు ఆరబెట్టుకునే స్థలాలకు ఇబ్బంది లేకుండా చూస్తామని ఆ పేజీలో ఉంది. పైన మాత్రం చిన్నకోడూరు మండలం అని రాసి ఉంది. ఎక్కడిదో సముద్రపు ఒడ్డు నివేదికలో ఊరి పేరు మార్చి పెట్టారన్నమాట. కాశయ్య నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

ఇంకో ఇరవై పేజీల తర్వాత బావుల సంగతి వచ్చింది. ఫరీహా గొంతు తగ్గించి చదివింది. గొట్టానికి ఇరువైపులా యాభై మీటర్ల లోపు తెరిచిన బావులు ఏవీ లేవు. కాబట్టి బండను పేల్చడానికి ఆటంకం లేదు. ఈ విషయాన్ని ఆ మార్గంలో పదకొండేళ్ళుగా నడుస్తున్న స్థానికుడు కాశయ్య స్వయంగా చూపించి ధ్రువీకరించారు. సంతకం జతచేయబడినది.

ఆమె మౌస్‌తో కిందికి జరిపింది. తెర మీద ఆయన సంతకం ఉంది. ఒక్కో అక్షరం విడివిడిగా, చివరి 'య్య' కొంచెం పైకి లేచి.

కాశయ్యకు షాపులోని చప్పుళ్ళన్నీ దూరమైపోయాయి. జిరాక్స్ మిషన్ తిరుగుతోంది, ఎవరో ఆధార్ కాపీ అడుగుతున్నారు, ఏదీ ఆయన చెవికి ఎక్కడం లేదు. ఫరీహా కుర్చీ జరిపి కూర్చోమంటే కూర్చున్నాడు. ఆ పద్నాలుగు బావుల మనుషులూ ఆయన కళ్ళ ముందు కదిలారు. దారిలో మంచినీళ్ళు ఇచ్చేవాళ్ళు, మక్క కంకులు కాల్చి చేతిలో పెట్టేవాళ్ళు. బావి లేదని కాశయ్యే చెప్పాడని రేపు వాళ్ళు చదువుతారు.

"గది నా సంతకమే బిడ్డా" అన్నాడు. "కని నేను గట్ల చెప్పలే."

ఫరీహా ఆ పేజీలు ప్రింటు తీసి, గీతలు గీసి, కవరులో పెట్టి ఇచ్చింది. బస్సులో కూర్చున్నాక కాశయ్య రజినికి ఫోన్ చేశాడు. ఆమె నంబరు ఇంకా ఆయన దగ్గర ఉంది. మొదట ఆమె సంతోషంగా పలకరించింది. బావులే లేవని తన మీద అబద్ధం రాశావని ఆయన అన్నాడు. ఆమె ఆ కన్సల్టెన్సీ మానేసి నాలుగు నెలలైంది. పద్నాలుగు బావులూ కొలతలతో సహా రాసి ఇచ్చి వచ్చానని, పూర్తయిన నివేదిక తాను చూడనేలేదని చెప్పింది. పేజీలు ఫొటో తీసి పంపమంది. పంపిన పావుగంటకు ఆమే ఫోన్ చేసింది. ఎండలో ఆయన్ను అంత దూరం నడిపించి, ఆ నమ్మకంతో తీసుకున్న సంతకాన్ని వేరే కాగితానికి అతికించారని ఆమెకు కూడా అప్పుడే తెలిసింది. ఆ సాయంత్రమే తన నోటుబుక్కు పేజీలన్నీ ఫొటోలు తీసి పంపింది. అవసరమైతే తన పేరు చెప్పమని కూడా రాసింది.

నవనీత్‌కు సంగతి ఎలాగో తెలిసింది. ఇంటికే వచ్చాడు. బెదిరించలేదు, మెల్లగానే మాట్లాడాడు. విచారణలో ఊరివాళ్ళు ఎవరైనా అడగవచ్చని, కంపెనీ జాకెట్ వేసుకున్న మనిషి అడిగితే మాత్రం బాగుండదని, కాంట్రాక్టు ఉగాదికి అయిపోతుందని గుర్తుచేశాడు. అతను వెళ్ళాక లచ్చవ్వ, భర్త తెచ్చిన కాగితాల్లో సంతకం ఉన్న పేజీ తీసి చూసింది. ఆమెకు చదువు రాదు, అయినా ఆ సంతకాన్ని గుర్తుపట్టింది. "నీ పేరు మీద గింత అబద్ధం బతికితే మనం ఏం మొఖం వెట్టుకోని బతుకుతమయ్యా" అంది. విచారణ రోజు పొద్దున ఆయన జాకెట్‌ను తానే మడిచి పెట్టెలో పెట్టి, తెల్ల చొక్కా ఇచ్చింది.

స్కూలు మైదానంలో షామియానా వేశారు. జిల్లా అధికారి, కంపెనీవాళ్ళు, మైకు, కుర్చీలు. ముందు కంపెనీ తరఫున ఒకాయన అరగంట మాట్లాడాడు. తర్వాత రాజనర్సు లేచి, బావుల మాటేమిటని అడిగాడు. కంపెనీ ఆయన పుస్తకం తిరగేసి, మీ ఊరి మనిషే బావులు లేవని సంతకం పెట్టాడని చెప్పి పేరు చదివాడు.

రాజనర్సు తిరిగి చూశాడు. ఆ చూపును కాశయ్య ఈనాటికీ మరిచిపోలేదు. కోపం కాదది. తాను విన్నది నిజమేనా అని ఆయన్నే అడుగుతున్నట్టుంది. రాజనర్సు పక్కన కూర్చున్న ముసలి అమృతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

కాశయ్య నడుచుకుంటూ మైకు దగ్గరికి వెళ్ళాడు. జిల్లా అధికారి ఆ పేజీ చూపించి, ఇది మీ సంతకమేనా అని అడిగాడు.

"సంతకం నాదే సారు" అన్నాడు కాశయ్య. "మాట నాది కాదు. మేడం నా యెంబడి వచ్చినట్టు పెట్టిన సంతకం గది. నేను పద్నాలుగు బావులు సూపెట్టిన. గీ పుస్తకంల సముద్రం ఉన్నది సారు, మా బావులు లెవ్వు."

రజిని పంపిన నోటుబుక్కు పేజీల ప్రింట్లు, ఫరీహా గీతలు గీసిన పేజీలు పక్కపక్కన బల్ల మీద పెట్టాడు. అధికారి వలలు ఆరబెట్టే స్థలాల పేరా రెండుసార్లు చదివాడు. పుస్తకం మూసి, కళ్ళద్దాలు తీసి, కంపెనీవాళ్ళ వైపు చూశాడు. ముందువరుసలో నవనీత్ తల వంచుకున్నాడు. ఆ నివేదిక మీద విచారణ జరపడం కుదరదని, గ్రామస్తుల సమక్షంలో మళ్ళీ సర్వే చేసి రావాలని అధికారి అక్కడికక్కడే రాయించాడు. రాజనర్సు వచ్చి కాశయ్య భుజం మీద చెయ్యేశాడు.

ఉగాదికి కాంట్రాక్టు పొడిగించలేదు. జీపీఎస్ డబ్బా, జాకెట్ అప్పగించి సంతకం పెట్టమంటే, కాశయ్య ఆ కాగితం మొత్తం చదివి, ఖాళీలన్నీ కొట్టేసి, తారీఖు వేసి అప్పుడు పెట్టాడు. లచ్చవ్వ పని చేసే నర్సరీలోనే ఆయన కూడా కూలికి కుదిరాడు.

రెండో సర్వే జూన్‌లో జరిగింది. ఈసారి ముగ్గురు వచ్చారు. ఊరి తరఫున కాశయ్యను, రాజనర్సును, అమృతమ్మను పంపారు. కాశయ్య ముందు నడుస్తూ ఒక్కో బావి చూపించాడు, వాళ్ళు కొలిచి రాసుకున్నారు. ఏడో దిమ్మె దాటాక అమృతమ్మ ఆగమంది. తుమ్మకంప దట్టంగా పెరిగిన చోటికి వెళ్ళి కట్టెతో పక్కకు తోసింది. లోపల రాతి ఒర కనిపించింది. రాయి వేస్తే నీళ్ళ చప్పుడు వచ్చింది. దిమ్మెకు ఇరవై అడుగులు కూడా లేదు.

కాశయ్య నిలబడిపోయాడు. పదకొండేళ్ళు రోజుకు రెండుసార్లు ఆ కంప పక్కనుంచే పోయాడు. సిద్దిపేటలో ఆ సంతకం చూసినప్పుడు కలిగిన విస్మయమే మళ్ళీ కలిగింది. ఈసారి తన మీదే. ఆ రోజు సాయంత్రానికి అలాంటివి ఇంకో నాలుగు బయటపడ్డాయి. వాటి చుట్టూ ఎప్పుడో పొలాలు చేసుకున్నవాళ్ళు పోయారు. ఆ బావులు గుర్తున్నది అమృతమ్మకు ఒక్కదానికే.

"నేనెట్ల జూడలే అమ్మా?" అని ఆమెను అడిగాడు.

"నువ్వు గొట్టం జూసుకుంట పోతివి కాశయ్యా" అంది అమృతమ్మ కంప ముల్లు పాదం నుంచి తీసుకుంటూ. "నేను నీళ్ళకు తిరిగినదాన్ని."

కొత్త నివేదికలో పందొమ్మిది బావులున్నాయి. వాటి దగ్గర బండను మందు పెట్టి పేల్చకూడదని, మిషన్‌తోనే కోయాలని రాశారు. గొట్టం పని ఇంకా మొదలు కాలేదు. ఆ నివేదిక కింద పెట్టాల్సిన సంతకం కోసం సర్వేవాళ్ళు కాశయ్య దగ్గరికి వచ్చినప్పుడు, ఆయన వాళ్ళను సిద్దిపేటకు, ఫరీహా షాపుకు తీసుకెళ్ళాడు. ఆమె మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివి తెలుగులో చెప్పేదాకా పెన్ను ముట్టుకోలేదు.