గంపలో మిగిలిన జత

ఆ ఆదివారం పొద్దున పడవలో ఉన్నవాళ్లు: హైదరాబాద్ నుంచి వచ్చిన నలుగురు, వాళ్లను నీళ్ల అడుక్కి తీసుకెళ్లే శిక్షకుడు, పడవ చేసిన పెద్దాయన, నేను. ఉన్నవి: గాలి సిలిండర్లు ఏడు, తాడు గుంజి స్టార్ట్ చేసే ఇంజన్ ఒకటి, దాని పక్కనే ఇనుప నిచ్చెన, అట్టకు క్లిప్పుతో బిగించిన నా జాబితా, ముందు భాగంలో ఒక వెదురు గంప, అందులో డైవింగ్ చేసే ఐదుగురి చెప్పులు. పెద్దాయనవీ నావీ ఒడ్డునే ఉన్నాయి.

తెలంగాణ వచ్చిన కొత్తలో నల్గొండలో మెకానికల్ పూర్తి చేసి ఖాళీగా ఉన్నాను. దేవరకొండ అవతల, ఆనకట్ట వెనక నిలిచిన కృష్ణా నీళ్లలో మునిగిపోయిన ఊరి గోడలు చలికాలంలో, బురద అడుక్కి దిగాక, కనిపిస్తాయని తెలిసింది. సరదాకు డైవింగ్ చేసేవాళ్లను అక్కడికి తీసుకెళ్దామని నేనూ శిక్షకుడూ అనుకున్నాం. ఆ ఒడ్డున పడవలు చేసేది పెద్దాయన ఒక్కడే. అంతవరకూ చేసినవన్నీ చేపల పడవలు, మనుషుల్ని దాటించే పడవలు.

సిలిండర్ మోసే మనిషి పడవ అంచు ఎక్కలేడని కనిపెట్టింది ఆయనే. నా వీపుకు ఇసుక బస్తా కట్టి, నడుం లోతు నీళ్లలోకి దింపి ఎక్కమన్నాడు. రెండుసార్లు వెల్లకిలా పడ్డాను. ఆయన కడుపు పట్టుకుని నవ్వి, నిచ్చెన చేయించాడు. దాన్ని పడవ పక్క అంచుకు బిగిస్తానన్నాడు. పడవ ఒరుగుతుందని నేను లెక్క వేసి, వెనక్కి, ఇంజన్ కింద నీళ్లలో తిరిగే పంక పక్కన పెట్టించాను.

"పంక కాడ నిచ్చెనేంది ఇంజనీరు సారూ?"

"మనుషులెక్కేటప్పుడు ఇంజన్ బందుంటది కాకా."

ఆయన పడవలోకి ఎవరూ చెప్పులతో అడుగు పెట్టకూడదు. చెప్పులు గంపలో వేయాలి, దిగేటప్పుడు తీసుకోవాలి. ఒడ్డు చేరాక ఆయన మనుషుల్ని లెక్కపెట్టడు, గంపలోకి చూస్తాడు. డైవింగ్ వాళ్లకూ అదే పద్ధతి పెట్టాడు: పైకి ఎక్కినవాళ్లు ఎవరి జత వాళ్లు తీసుకుని ముందు పెట్టుకుని కూర్చోవాలి. చేతిలో అచ్చు వేసిన జాబితా ఉండగా ఇదేమిటని నాకు నవ్వొచ్చేది.

ఆ రోజు ఒక్కొక్కరే తేలారు. నిచ్చెన మీద చెయ్యి పడగానే నేను పేరు ముందు టిక్కు పెడుతున్నాను. ఐదో టిక్కు కూడా పడింది. శిక్షకుడు ముందువైపు ఒకరి సిలిండర్ విప్పుతున్నాడు. అట్ట సంచిలో పెట్టి, "ఇంజన్ కొట్టు కాకా," అన్నాను.

పెద్దాయన తాడు చేతికి చుట్టుకున్నాడు. గుంజలేదు.

"గంపల ఒక జత ఉన్నది."

"ఎవరో మర్చిపోయిండ్రు. లిస్టుల అందరున్నరు."

"నీ లిస్టు చెప్పులేసుకుంటదా? మనుషుల్ని జూడు."

చూశాను. శిక్షకుడితో కలిపి నలుగురే ఉన్నారు. సంచిలోంచి అట్ట తీసి మళ్లీ చూశాను. ఐదు టిక్కులు. శిక్షకుడు మాస్కు అందుకుని అంచు మీదికి వంగాడు.

అప్పుడు ఇంజన్ పక్కన బుడగలు లేచాయి. ముందు ఒక చెయ్యి వచ్చి నిచ్చెన పట్టుకుంది, తర్వాత తల. మణికట్టు నుంచి జారిన కెమెరా కోసం, నిచ్చెన పట్టుకున్నవాడు పట్టుకున్నట్టే వదిలి మళ్లీ కిందికి వెళ్లాడట.

"దొరికింది బ్రో!" అని కెమెరా ఎత్తి చూపించాడు.

వాడు మా మొహాలు చూసి, కెమెరా దించాడు. పైకి ఎక్కి, గంపలోంచి తన జత తీసుకుని ముందు పెట్టుకుని కూర్చున్నాడు. పెద్దాయన చేతికి చుట్టిన తాడు విప్పబోయాడు. బిగుసుకుపోయిన చుట్టు ఊడలేదు. శిక్షకుడు విప్పాడు.

"ఒక్క గుంజు గుంజితే అయిపోతుండె," అన్నాడు పెద్దాయన. నా వైపు చూడలేదు.

ఇంజన్ ముట్టుకోలేదు. తెడ్లతోనే ఒడ్డుకు వచ్చాం. అందరూ వెళ్లాక టేపు తీసుకుని నీళ్లలోకి దిగాను. నిచ్చెన దగ్గర వాడి తల లేచిన చోటుకూ పంక రెక్కకూ మధ్య దూరం ముప్పై ఎనిమిది సెంటీమీటర్లు.