పెరటాసి శనివారం, మునిరత్నం మోకాలు

మునిరత్నం బెల్లం గానుగ నడిపిన ముప్పై ఏళ్లలో ఒక్క పాకం మాడలేదు. ఐదో తరగతి చదువుతోనే రెండుసార్లు సర్పంచిగా నెగ్గి, చెరువు నీళ్ల తగాదాను కోర్టు గడప తొక్కకుండా తీర్చినవాడు. అన్నిటికంటే గొప్పగా చెప్పుకునేది మరొకటి: పెరటాసి నెలలో ఏ శనివారమూ ఒక్కపొద్దు తప్పలేదు. పొద్దు గూకి, వెంకటేశ్వరస్వామికి దీపం పెట్టేదాకా మంచినీళ్లే.

అలాంటి మనిషికి రెండు వేల నాలుగులో తిరుపతి ఆసుపత్రిలో కుడి మోకాలు మార్చారు. మంచం దిగకముందే పెరటాసి శనివారం వచ్చిపడింది.

"తాతా, టిఫిను తిన్నావా? తింటేనే నొప్పి మాత్ర ఇచ్చేది. ఉత్త కడుపున ఏస్తే పుండు పడతాది," అంది నర్సు రెబెకా.

"నొప్పే లేదు పోమ్మా. నీ మాత్ర నువ్వే పెట్టుకో."

కాసేపటికి వ్యాయామం చేయించే దయానంద్ వచ్చి కాలు వంచబోయాడు. మునిరత్నం అరుపుకు వార్డంతా తిరిగి చూసింది.

"చెయ్యి తియ్యరా! ఇది మోకాలనుకున్నావా, చెరుకు గడనుకున్నావా?"

"పెద్దాయనా, నొప్పికి కండ బిగుసుకునింది. ఇట్లనే వదిలేస్తే మోకాలు గట్టిపడిపోతాది. ఇంక బతికినన్నాళ్లు కాలు చాపుకోనే కూర్చోవాల. మాత్ర ఏసుకో, మళ్లీ వస్తా," అని దయానంద్ వెళ్లిపోయాడు.

మునిరత్నానికి భయమేసింది. ఆ భయం కాస్తా మంచం పక్కనే కూర్చున్న భార్య భారతమ్మ మీద కోపమైంది.

"పెరటాసిలో ఆపరేషనుకు ఒప్పుకున్నది నువ్వే గదా!"

"డాక్టరు చెప్పిన దినానికి నేనేం జేసేది?" భారతమ్మ ఇడ్లీల డబ్బా మూత తీసి అతని ముందు పెట్టింది. "తిను. ఈ పొద్దు నీ ఒక్కపొద్దు నేనుండాను."

"నా ఒక్కపొద్దు నువ్వుండేదేంది? ఊర్లో తెలిస్తే నవ్వరా?"

భారతమ్మ ముఖం ఎర్రబడింది. "నవ్వనీ! ఇన్నేళ్లు నీ ఒక్కపొద్దు ఊరంతా సెప్పుకుంటివి. మొగుడు పస్తుంటే పెండ్లాం యాడ తినింటాదని ఒక్క దినమన్నా అడిగినావా? పొయ్యి ముందర కూర్చోని పొద్దు గూకినాక నువ్వు తినేదానికి ఉప్పిండి కలిపింది ఎవురు? నేనూ ఉత్త కడుపుతోనే గదా!"

మునిరత్నం పళ్లు కొరుకుతూ ఇడ్లీ తుంచి, పగబట్టినట్టు మింగాడు. తర్వాత వరండా దద్దరిల్లేలా కేకేశాడు.

"ఏమ్మా నర్సూ! యాడుండాది మాత్ర?"

దయానంద్ మళ్లీ వచ్చేసరికి మాత్ర పనిచేస్తోంది. మోకాలు కొంచెం వంగింది. మునిరత్నం నుదుట చెమట పోసింది.

"నొప్పా పెద్దాయనా?"

"ఉండాది. ఉంటే ఏమిప్పుడు? వంచబ్బా!" అని కసిరాడు.

భారతమ్మ అతని వైపు చూడలేదు. ఎండిన పెదవులు తడుపుకుంటూ, కిటికీలోంచి పొద్దు ఇంకా ఎంతుందో చూసింది.