అవ్వ గోరు, నా తాళం

ఎనభైలలో కామారెడ్డిలో నాకు చెక్క బీరువాల కార్ఖానా ఉండేది. స్క్రూలు, స్క్రూడ్రైవరు లేకుండా బిగించే తాళం ఒకటి సొంతంగా తయారుచేసిన. బీరువా తలుపుకున్న రంధ్రంలో పెట్టి బొటనవేలితో నొక్కితే లోపలి స్ప్రింగు పట్టుకునేది. మా గల్లీలో నాలుగు ఇండ్లకు బిగించి, ఆ ధీమాతో ఎల్లారెడ్డిలో ఒక బట్టల దుకాణానికి పోయిన.

సేటు ముందర ఆయన బీరువాకు నా తాళం బిగించి, తాళంచెవి తిప్పి జేబులో వేసుకుని, "ఇగ నేను తప్ప ఎవ్వరు తియ్యలేరు" అన్న.

అరుగు మీద బీడీలు చుడుతున్న అవ్వ లేచి వచ్చింది. బీడీ మూతి మడిచే పొడుగు గోరును తాళం పక్క సందులో పెట్టి కొంచెం ఎత్తింది. తాళం ఊడి ఆమె అరచేతిల పడ్డది.

"గిట్ల వస్తుంటే తాళంచెవి ఎందుకు కొడుకా?" అని అడిగింది. ఎగతాళికి కాదు, నిజంగనే తెల్వక.

సేటు నవ్వినా బాగుండు. నా మొహం చూడలేక బట్టల థాన్లు సర్దుకున్నడు.

బిగించేటోని గురించే ఆలోచించిన గాని, తీసేటోని గురించి ఒక్కనాడు ఆలోచించలే. తెల్లారి ఆ నాలుగు ఇండ్లకు పోయి, ఇంటోళ్లు చూస్తుండంగనే, నా తాళాలు నా గోటితోనే ఊడదీసుకున్న.