సొసైటీ అద్దంల పట్టెల నిక్కరు

మొన్న ఏమైందో మీకు నిజంగనే ఎరుక లేదా? అయితె సిరిసిల్లల మీరే ఆఖరోళ్లు! నా పట్టెల నిక్కరు చూడనోడు గీ బజార్ల ఇంకెవ్వడు మిగల్లే. ముందే నవ్వకుండ్రి! చాయ్ తాగుకుంట కుదురుగ వినుండ్రి. నా పానం పోయి వచ్చింది.

మా నేత సొసైటీ కొత్త ఆఫీసు చూసిండ్రు గద, బస్సులు ఆగే రోడ్డు మీద. ముందట గోడనే లేదు, అంత అద్దమే. మా ప్రెసిడెంటు గంగారామన్న హైదరాబాదుల ఎక్కడ్నో చూసొచ్చి, గట్లనే కావాలని కట్టించిండు. గది పడమటి మొఖం! మిట్టమధ్యాన్నం దాటిందంటె ఎండ సీదా నా కుర్చీ మీదికే. నెత్తికి తువ్వాల సుట్టుకొని సెక్రటరీ పని చేసేటోణ్ణి. ఇంతల కంప్యూటర్ వచ్చె. దానికి సల్లగుండాల్నట! మనుషులకోసం రాని ఏసీ దానికోసం వచ్చింది. ఏసీ మొత్తుకునుడు మొత్తుకుంటది, రూము మాత్రం సల్లబడదు. కరెంటు బిల్లు చూస్తె గంగారామన్నకు మల్ల చెమటలు.

ఇగ కరీంనగర్ కెల్లి ఏసీ మెకానిక్ ఖదీర్ భాయిని పిలిపిచ్చినం. ఆయన అద్దం మీద చెయ్యి పెట్టి చటుక్కున తీసిండు.

"సాబ్, గిది అద్దం కాదు, రొట్టెల పెనం! ఏసీ ఏం చేస్తది పాపం? దీనికి ఎండ ఆపే ఫిల్మ్ ఎయ్యాలె. ఫారిన్ల అయితె బటన్ ఒత్తితె అద్దమే నల్లగైతదట. మల్ల ఒత్తితె తెల్లగ! మనదాక వచ్చెవరకు మీరు నేను ఉంటమో లేదో. గప్పటిదాక గిదే దిక్కు."

సబ్బు నీళ్లు కొట్టి, మెరిసే ఫిల్మ్ అతికిచ్చి, రబ్బరు పట్టీతోని బుడగలన్ని గుంజిండు. ఏం చెప్పాలె! ఒక్క గంటలనే రూమంత సల్లవడ్డది. బయటికెల్లి చూస్తె నిలువుటద్దం, లోపటికెల్లి చూస్తె బజారంత సాఫ్ గ కనబడ్తది.

"లోపలున్నోళ్లు బయటోళ్లకు కనబడరు సాబ్. కాకపోతె ఒక్కటి, లోపట లైటు..." అని ఖదీర్ భాయి ఏందో చెప్తుండు. గప్పుడే ఫోన్ మోగింది. నేను ఉరికిన. వచ్చెవరకు ఆయన సామాను సర్దుకొని బస్సెక్కిండు.

అటెన్క నా కుషీ చూడాలె! ఒకడొచ్చి మా అద్దంల తల దువ్వుకుంటడు. ఇంకొకడు పండ్లు ఇకిలిచ్చి చూసుకుంటడు. వాళ్లకు జానెడు దూరంల నేను కూసోని చాయ్ తాగుత! ఎంత అమాయకులురా మీరు అనుకునేటోణ్ణి.

ఇగ అసలు పరేషాన్ వినుండ్రి. కంప్యూటర్ ఓపెనింగ్ కు హైదరాబాద్ కెల్లి పెద్ద ఆఫీసరు వస్తుండు. నూలుకు మన రంగులు మనమే ఏసుకునేతందుకు షెడ్డు అడిగినం గద, ఇచ్చేది ఆయననే. గంగారామన్న నా చెయ్యి పట్టుకున్నడు.

"రాజేశం, మాట్లాడేది నువ్వే. సారు మనసు కరగాలె. నువ్వు తడబడ్డవా, షెడ్డు ఇంకో ఊరికి పోతది. గీ మగ్గాలోళ్లంత నీ దిక్కే చూస్తున్నరు."

గామాట అన్నకాణ్ణుంచి నాకు బువ్వ సయించలే. నలుగురు చూస్తుంటె నా నాలుక అంగిట్లకు అతుక్కపోతది, మీకు ఎరుకే. నడుస్తుంటె స్పీచే, తింటుంటె స్పీచే. మా ఇంటామె భారతి, "ఏందయ్యా, పప్పుకు దండం పెడ్తున్నవ్!" అని కసిరింది.

మీటింగ్ ముందటి రోజు పొద్దుగూకంగ అందరిని ఇండ్లకు పంపి, ఆఫీసు లోపట గొళ్లెం పెట్టుకున్న. ట్యూబులైట్లన్ని ఏసిన. నా గొంతు బయటికి వినబడొద్దని ఏసీ ఫుల్లు పెట్టిన. తిరిగి చూద్దును గద, అద్దంల నిలువెత్తు నేనే! బజారు లేదు, బస్సుల్లేవు, నేనొక్కణ్ణే. అరే, ఫిల్మ్ ఇంత మంచిగ పనిచేస్తుందని మస్తు సంబురమైంది. ప్రాక్టీసుకు ఇంతకన్న ఏం కావాలె?

టైలర్ ఇచ్చిపోయిన కొత్త సఫారీ అక్కడ్నే ఉండె. తొడిగి చూద్దామని అంగి ఇడిసిన, ప్యాంటు ఇడిసిన. బనీను, పట్టెల నిక్కరు మీద నిలవడి పొట్ట లోపటికి గుంజి అటు ఇటు తిరిగి చూసుకున్న. కొత్త ప్యాంటు తొడలకాడ ఇరికింది. ఎగిరిన. మల్ల ఎగిరిన. కుర్చీ పట్టుకొని ఎగిరితె గని ఎక్కలే. గుండీ మాత్రం పడలే.

ఇగ స్పీచు. ఖాళీ కుర్చీని ఆఫీసరనుకున్న. పూలదండ లేకపాయె, చుట్టిన నూలు లడి తీసుకపోయి కుర్చీకి ఏసిన. వంగి దండం పెట్టిన. మంచిగ రాలేదని లడి తీసి మల్ల ఏసిన. "మా నేతగాళ్ల బతుకులు" అనేకాడ గుండె మీద కొట్టుకోవాలె, కొట్టుకున్న. "మీ చల్లని చూపు" అనేకాడ చేతులు మీదికి లేపిన. ఏడ్పు రావాలని దస్తీతోని కండ్లు ఒత్తుకున్న. నడుమ దబదబ చప్పుడైతె ఏసీ ఖరాబైందేమో అనుకున్న. ఇంకింత గట్టిగ అందుకున్న.

టప్పున కరెంటు పోయింది.

ఏసీ మూగవోయింది. గప్పుడు వినబడ్డది నాకు, బయట జాతర లెక్క మంది లొల్లి. అద్దంల నేను మాయమైన. నా జాగల బజారు కనబడ్డది! మిర్చి బండి ఎల్లవ్వ గ్యాస్ లైటు ఎలుగుల మొఖాలే మొఖాలు. మగ్గాల కాడికెల్లి వచ్చినోళ్లు, బస్సుల కోసం నిలవడ్డోళ్లు, పొట్లాలు పట్టుకొని మిర్చీలు తినుకుంట నా దిక్కే చూస్తున్నరు. లోపట లైటేస్తె కథ ఉల్టా అయితదని గప్పుడు తెలిసింది నాకు. ఖదీర్ భాయి చెప్పబోయింది గదే!

చీకట్ల తడుముకుంట గొళ్లెం తీసిన. ముందుగాల మా భారతి, చేతుల నిమ్మకాయ పట్టుకొని ఏడ్సుకుంట వచ్చింది.

"అద్దం పలిగేటట్టు కొట్టిన, వినవైతివి! పూనకం వచ్చిందంటె ఉరికొచ్చిన, ఏమైందయ్యా నీకు?"

"నాకేం కాలే, స్పీచు!"

"స్పీచుకు ప్యాంటు ఎందుకు ఇడిసినవ్?"

గప్పుడే ఎల్లవ్వ బండి కాడికెల్లి, "నీ పుణ్యాన పిండంత ఒడిసింది సారూ, రేపు గూడ ఉంటదా?" అని అడిగింది.

గంతల మందిల సందు చేసుకుంట గంగారామన్న వచ్చిండు. మొఖంల నెత్తురు చుక్క లేదు. ఆయన ఎనక కండ్లద్దాలు పెట్టుకున్న పెద్దమనిషి.  తెల్లారి రావాల్సిన ఆఫీసరు ముందటి రోజు మాపునే వచ్చిండు! ఆఫీసు చూపిస్తనని గంగారామన్న తోలుకొచ్చిండు. ఎప్పటిసంది నిలవడ్డరో అడిగే ధైర్యం లేదు. ఒక్క చేతితోని దండం పెట్టిన. ఇంకో చెయ్యి ప్యాంటు పట్టుకోవాలె గద!

ఆయన నవ్వలే, కోపం చెయ్యలే. "రేపు కలుద్దాం" అని జీపెక్కిండు. గంతే!

"షెడ్డు పోయింది రాజేశం" అన్నడు గంగారామన్న. తిట్టినా మంచిగుండె. గా మాట ఇని నాకు కన్ను మూతపడలే. మగ్గాలోళ్లకు ఏ మొఖం చూపియ్యాలె?

తెల్లారి మీటింగ్ కు ఎన్నడు రాని మంది వచ్చిండ్రు. ఎందుకొచ్చిండ్రో నాకెరుకే. మైకు ముందట నిలవడ్డ. అంత సాఫ్! ఒక్క ముక్క యాదికస్తలేదు.  గంగారామన్న కండ్లు మూసుకున్నడు. గప్పుడు ఆఫీసరు మెల్లగ ముందుకు వంగిండు.

"రాజేశంగారూ, నిన్న ముందు గుండె మీద కొట్టుకున్నారు. అక్కణ్ణుంచి మొదలుపెట్టండి."

మంది అంత గొల్లున నవ్విండ్రు. నేను కొట్టుకున్న. అరే, మాట వచ్చింది! చేతులు లేపిన, తరువాత ముక్క వచ్చింది. గట్ల చేతులు చెప్పుకుంట పోతె నాలుక ఎనక నడిచింది. ఆఖరికి సారు మైకు తీసుకొని షెడ్డు ఇస్తున్నమని చెప్పిండు. మగ్గాలోళ్లు ఈలలు కొట్టిండ్రు. గంగారామన్న నన్ను కావలిచ్చుకున్నడు.

పానం కుదుటపడ్డది. సారును జీపుదాక సాగనంపుకుంట, ఆశ కొద్ది అడిగిన.

"సార్, నా స్పీచు ఎట్లుండె?"

ఆయన నా భుజం తట్టిండు.

"నిన్న మూకీ చూశాను, ఇవాళ టాకీ చూశాను. నిజం చెప్పమంటారా? మూకీయే బాగుందండీ."