నల్లమద్ది పలకలు ఉబ్బిన ఆదివారం

పదవీ విరమణకు ఆరేళ్ళ ముందు, ఒక ఏప్రిల్ మొదటి వారంలో, నన్ను ఖానాపూర్ దగ్గరి ఒక పల్లెకు సైట్ ఇంజనీరుగా పంపారు. మా నిర్మాణ సంస్థ అక్కడ ఒక ప్రార్థన మందిరం కడుతోంది. గోడలు లేచాయి, పైన రేకులు పడ్డాయి. నా వంతు చెక్కపని. వాన కొట్టే పడమటి గోడకు బయటివైపు, లోపలి గోడలకు, రేకుల కింద సీలింగుకు నల్లమద్ది పలకలు కప్పించాలి.

ఈ పనిని మేము షిప్‌లాప్ అంటాం. పలక రెండు అంచులనూ సగం మందం మేర చెక్కుతారు, ఒకటి పైవైపు, రెండోది కిందివైపు. అప్పుడు ఒక పలక అంచు పక్క పలక అంచు మీద ఎక్కి కూర్చుంటుంది. గోడకు అడ్డంగా బిగిస్తే వాన నీరు లోపలికి రాకుండా జారిపోతుంది. మద్ది గట్టి కర్ర. ముందుగా డ్రిల్లుతో బెజ్జం వేయకపోతే మేకు వంగుతుంది, లేదా పలక చీలుతుంది.

వడ్రంగి మేస్త్రి ఓదెలుది చెన్నూరు. నాకంటే పెద్దవాడు. బయటి గోడకు పలకకూ పలకకూ మధ్య రూపాయి బిళ్ళ మందం సందు వదిలాడు. సీలింగుకూ అలాగే చేయబోతే నేను ఆపాను. కింద నుంచి చూస్తే నల్లటి గీతలు కనబడి చేతకాని పనిలా ఉంటుందని నా అభిప్రాయం.

“సార్, గీ కర్ర ఎండకాలం ఒక తీరు, వానకాలం ఒక తీరు ఉంటది. జర సందు ఇడువాలె,” అన్నాడు ఓదెలు.

లోపల వాన పడదు కదా అన్నాను. అతను మళ్ళీ మాట్లాడలేదు. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా పలకలను సుత్తితో దగ్గరకు కొట్టి బిగించారు. గోడల వెంబడి కూడా నేను ఖాళీ ఉంచనివ్వలేదు. మే నెలాఖరులో మందిరం తెరిచారు. వచ్చినవాళ్ళంతా సీలింగును మెచ్చుకున్నారు.

జూలైలో ముసురు పట్టింది. ఐదో రోజు ఆదివారం. పొద్దున్నే పాస్టర్ ఏసుదాసుగారు ఫోన్ చేశారు. “సార్, మీద టక్కు టక్కుమంటున్నది. ఎలుకలనుకున్నం, కాదు. జర జల్ది రండ్రి.”

ఓదెలును బండి మీద ఎక్కించుకుని వెళ్ళేసరికి ఆరాధన మొదలైంది. వాన వల్ల అందరూ లోపలే ఉన్నారు. స్త్రీలు కూర్చున్న వైపు సీలింగు బెత్తెడు కిందికి పొట్టలా దిగి ఉంది. తేమకు ఉబ్బిన పలకలు పక్కలకు జరిగే చోటు లేక కిందికి తోసుకొచ్చాయి. కొన్నిటి మేకులు, పలకలను బిగించిన రీపరు కర్రల నుంచి సగం ఊడాయి. ఒక్కో పలక ఇద్దరు మోసే బరువు.

రెండు తలుపుల్లో ఒకటి కూడా ఉబ్బి బిగుసుకుపోయింది. నేను అరిస్తే జనమంతా తెరుచుకునే ఆ రెండో తలుపు మీద పడతారు. ముందుకు నడిచి పాస్టర్‌గారి చెవిలో చెప్పాను. ఆయన పైకి చూడలేదు. పాట పూర్తి కానిచ్చి, మామూలు గొంతుతో అన్నారు. “మిగిలిన ప్రార్థన బడి వరండాల చేద్దాం. అక్కలు ముందు లేవండ్రి. ఒక్కొక్క వరుస. ఎవ్వలు ఉరకొద్దు.”

మధ్య వరుసలో ఒక ముసలమ్మ కదల్లేదు. “గింత వానల ఏడికి పొమ్మంటవయ్యా?” అంది. పైన మరో మేకు టక్కుమని ఊడింది. ఓదెలు ఆమె చేయి పట్టుకుని, “నా ఎంబడి రా అవ్వా,” అని నడిపించుకు వెళ్ళాడు. నేను తలుపు దగ్గర నిలబడి చివరి మనిషి దాటేదాకా లెక్కపెట్టాను.

అప్పుడు సీలింగు దిగిన చోటు చుట్టూ ఊతకర్రలు నిలిపాం. ఓదెలు నిచ్చెనెక్కి, గోడవారగా ఉన్న పలకను ఉలితో నిలువునా చీల్చడం మొదలుపెట్టాడు. ఆ ఒక్క పలక తీస్తే మిగతావాటికి జరిగే చోటు దొరుకుతుంది. నేను నిచ్చెన పట్టుకున్నాను. సగం చీలగానే తుపాకి పేలినట్టు శబ్దమైంది. మధ్యలోంచి రెండు పలకలు జారి, ఆ ముసలమ్మ కూర్చున్న బెంచీని విరగ్గొట్టాయి. ఓదెలు నిచ్చెన దిగలేదు. “పట్టుకోండ్రి సార్, ఇంక కొంచెమున్నది,” అని ఉలి మళ్ళీ పెట్టాడు. పలక పూర్తిగా ఊడి వచ్చాక సీలింగు మెల్లగా సర్దుకుంది, చప్పుడు ఆగింది.

తప్పు నాదేనని పై ఇంజనీరుకు నివేదిక రాశాను. మందలింపు వచ్చింది. సీలింగంతా విప్పి, ఓదెలు మొదట చెప్పినట్టే బిగించాం.

ఆ పని జరుగుతుండగా, ఇంకోసారి గట్టిగా ఎందుకు చెప్పలేదని అతన్ని అడిగాను.

“మల్ల మాట్లాడితే పని ఇడిసి పొమ్మంటిరి గద సార్,” అన్నాడు.

నేను అలా అన్నట్టు నాకు గుర్తు లేదు. అతను అబద్ధం చెప్పే మనిషి కాదు.

గట్టి కర్రకు ఇంటి లోపలైనా గాలిలోని తేమ తగులుతుంది, దాన్నిబట్టి అది పెరుగుతుంది, తగ్గుతుంది. ఇది నేను చదువుకున్న విషయమే. నాకు తెలియనిది, నా కింద పనిచేసేవాడు ఎందుకు నోరు మూసుకున్నాడన్నది. తర్వాతి ఆరేళ్ళలో మేస్త్రి కాదన్న ప్రతిసారీ పని ఆపి, కారణం పూర్తిగా విన్నాకే ఆదేశం ఇచ్చాను.