జాన్ సాహెబ్ వదిలేసిన బావి

జాన్ సాహెబ్ గడ్డపార వేశాడంటే నీళ్ళు పడ్డట్టేనని గురజాల చుట్టుపక్కల జనానికి గట్టి నమ్మకం. చివరికి ఆ నమ్మకమే కొంప ముంచింది.

యుద్ధం రోజులు. జొన్నలు దొరకడమే గగనంగా ఉండేది. భర్త పోయిన గురవమ్మ తన మిరప చేలో బావి తవ్వమంటే సాహెబ్ సరేనన్నాడు. ఆమె కొబ్బరికాయ కొట్టింది, ఈయన బిస్మిల్లా అని మొదటి పోటు వేశాడు. బావులు తవ్వేవాళ్ళకు ఆ పోటే ఒప్పందం; నీళ్ళు పడేదాకా వదలకూడదు.

మర్నాడే నడికుడి నుంచి కబురొచ్చింది. రైలు కట్ట మీద ఖాయం పని, ఉండటానికి గది, నెలనెలా బియ్యం. వెంటనే చేరకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తారు.

"ఏందయ్యా ఇంకా ఆలోచన? పిల్లల మొహాలు చూడు" అంది భార్య పీరాంబీ.

చూడకుండా ఎట్లా ఉంటాడు పాపం! రైలు పనికే ఒప్పుకున్నాడు. గురవమ్మకు ఎదురుపడే మొహం లేక, వేరే మనిషిని పంపిస్తానని కబురంపాడు. ఆ మనిషి కోసం తనలాగే బావులు తవ్వే ప్రభుదాసు ఇంటికి వెళ్ళాడు.

"నీళ్ళుంటే నువ్వెందుకు వదులుతావు మామా? అడుగున బండ ఉందని చెప్పరాదా?"

"రైలు పని వచ్చిందిరా నాయనా! అల్లా సాక్షి, నీళ్ళున్నయి."

"ఉంటే నువ్వే తవ్వుకో."

ఎవరిని అడిగినా అదే మాట. ఒట్లు పెట్టిన కొద్దీ అనుమానం ముదిరింది. జాన్ సాహెబే వదిలేశాడంటే అక్కడ చుక్క నీరుండదని ఊరంతా తేల్చేసింది. చలికాలం పోకముందే మిరప నిలువునా ఎండింది. నీళ్ళు పడని చేను ఎవరిక్కావాలి? గురవమ్మ అయినకాడికి అమ్ముకుని, నడికుడిలో కంకర మోసే కూలికి వచ్చింది.

కట్ట మీద ఆమెను చూడగానే సాహెబ్ పని ఆపేశాడు. నాలుగు తిట్టినా బాగుండుననుకున్నాడు. ఆమె మాత్రం నవ్వుతూ దగ్గరికొచ్చింది.

"నీ చలవే సాయిబన్నా. నువ్వు ఆపబట్టి సరిపోయింది. లేకుంటే ఆ బండల్లో పడి గొడ్లను గూడా అమ్ముకునేదాన్ని."

"లేదమ్మా, అక్కడ నీళ్ళున్నయి. నేనే ఈ పనికి ఆశపడి..."

"నా మనసు నొచ్చుకుంటదని అట్టంటున్నావు. నాకు తెలవదా ఏంది? చానా మంచోడివన్నా నువ్వు."

ఆయన మళ్ళీ చెప్పబోయాడు.

"కాస్త చెయ్యి పట్టన్నా" అంది గురవమ్మ. కంకర గంప ఎత్తి ఆమె నెత్తిన పెట్టాడు.